నౌరోజ్‌కు తెచ్చిన టైర్లు

ఇప్పుడు గల్ఫ్‌కు వెళ్లే పిల్లలు ముందుగా అడిగేది రూములో వైఫై ఉందా అని. మా రోజుల్లో మేం అడిగేది రూములో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. నాకు లేరు. తొంభైలలో నేను బహ్రెయిన్‌లో దిగినప్పుడు నా రూములో ఉన్నది నలుగురు కుర్దులు. అలాంటి మనుషులు భూమ్మీద ఉన్నారన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. మా జగిత్యాల వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే, అక్కడ మనవాళ్లు కాని వాళ్లందరూ అరబ్బులే. అంతకు మించి భూగోళం మాకు అవసరం పడలేదు.

నేను వెళ్లింది తాపీ పనికి. నేను దిగేసరికి నా కఫీల్, అంటే అక్కడ మనకు పూచీ ఉండే యజమాని, కట్టిస్తున్న ఇళ్ల పని ఆగిపోయింది. నన్ను తిప్పి పంపడం ఇష్టం లేక రిఫాలో తనకున్న రొట్టెల కొట్టులో వేశాడు. కొట్టు వెనక గదిలో వాళ్లు నలుగురూ ఉండేవారు. ఇరాన్ వైపు కొండల్లోంచి వచ్చినవాళ్లు. అందరిలోకీ పెద్దాయన తందూరు దగ్గర నిలబడేవాడు. ఆయన తమ్ముడికి నా వయసే ఉంటుంది, ఇరవై రెండో ఇరవై మూడో. మిగతా ఇద్దరూ పిండి పిసికేవాళ్లు, మాటలు తక్కువ.

మొదటి రోజు నేను చొక్కా మడిచి పిండి గంపలో చెయ్యి పెట్టబోతే పెద్దాయన నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి కూర్చోబెట్టాడు. వీపుకు దిండు పెట్టాడు, చిన్న గాజు గ్లాసులో టీ ఇచ్చాడు. చక్కెర గడ్డ పళ్ల మధ్య పెట్టుకుని తాగాలని తన పళ్లు చూపించి నేర్పాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కఫీల్ వచ్చి, కొత్తగా తెచ్చిన పనివాడు దిండుకు ఆనుకుని టీ తాగుతుంటే చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇతను పనివాడా, పెళ్లికొడుకా?"

"ముందు అతిథి. తర్వాత పనివాడు," అన్నాడు పెద్దాయన తందూరులోంచి తల ఎత్తకుండానే.

కఫీల్ ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నాలుగో రోజు నుంచి నాకు పని ఇచ్చారు. పిండి పిసకడం, రొట్టెలు సంచుల్లో వేయడం, కొట్టు కడగడం, అన్నీ. ఒక్కటి తప్ప. పొద్దున్నే తందూరు వెలిగించే పని మాత్రం తమ్ముడిదే, నాకు ఇవ్వలేదు. ఒకసారి అగ్గిపెట్టె తీస్తే తమ్ముడు నా చేతిలోంచి లాక్కున్నాడు. పొయ్యి వెలిగించాల్సింది ఇంటివాళ్లట, అతిథి వెలిగిస్తే ఇంటివాళ్లకు తలవంపులట. పొయ్యి వెలిగించేవాడు కోడి కంటే ముందు లేవాలి కాబట్టి నేను ఆ ఆచారాన్ని మనస్ఫూర్తిగా గౌరవించాను.

మేం మాట్లాడుకున్న భాషకు పేరు లేదు. కొంత హిందీ, కొంత అరబ్బీ, మిగతాది చేతులు. వాళ్లు ఒకరినొకరు "కాకా" అని పిలుచుకునేవారు. వాళ్లలో అది అన్నను పిలిచే మాట. మా వైపు నాన్న తమ్ముడిని అలా పిలుస్తాం. నన్నూ కాకా అనేవారు. మొదట్లో ఆ పిలుపు విన్నప్పుడల్లా మా ఇంట్లో ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగేవాణ్ణి. నేను ఏ మాంసం తినకూడదో రెండో రోజే కనుక్కుని, నాకోసం వేరే గిన్నె కొని, దాని పిడికి ఎర్ర దారం కట్టారు. ఆ గిన్నెలో వాళ్లు ఎప్పుడూ వేలు పెట్టలేదు. మనవాళ్ల క్యాంపుల్లో కూడా అంత పట్టింపు నేను తర్వాత చూడలేదు.

రొట్టెల పికప్ నడిపేది మన తెలంగాణ మనిషే. నాకంటే చాలా పెద్ద, బహ్రెయిన్‌లో ముదిరిపోయినవాడు, హమద్ టౌన్ దగ్గర క్యాంపులో ఉండేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నాలు ఆయన్ను బతిమాలి ఆ పికప్‌లో అందరం గుట్టకు వెళ్లేవాళ్లం. బహ్రెయిన్‌కంతా ఉన్నది ఆ ఒక్క గుట్ట. మా ఊళ్లో మేకలు మేసే గుట్ట దానికంటే ఎత్తు. మొదటిసారి దాన్ని చూసి తమ్ముడు పడీపడీ నవ్వాడు. "ఇది కొండా? ఇది కొండా?" అని కడుపు పట్టుకుని నవ్వుతూ నవ్వుతూ అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చాడు. అన్న నా చెవిలో, "గుట్ట మంచిగ లేదంటె ఏడ్సుడేందిరా తమ్మీ," అన్నాడు. నాకు మాత్రం అర్థమైంది.

ఆ తమ్ముడి సంగతి చెప్పకపోతే మిగతా కథ మీకు అర్థం కాదు. అతను తన దేశంలో పటాలంలోంచి పారిపోయి వచ్చాడు. తిరిగి ఆ గడ్డ మీద కాలు పెడితే జైలు, అంతకంటే ఏమవుతుందో పెద్దాయన నోటితో అనేవాడు కాదు. కఫీల్‌కు ఇదంతా తెలుసు. "పోలీసు కేసు ఒక్కటి వచ్చినా నా చేతుల్లో ఉండదు. మర్నాడే విమానం. ఖలాస్," అని ముందే చెప్పి పెట్టాడు. అలాంటివాడు ఆ చలికాలంలో, జైలైనా సరే ఇంటికి పోతానని మొదలుపెట్టాడు. అన్నం మానేశాడు, అంటే రొట్టె మానేశాడు. రొట్టెలు చేసే ఇంట్లో రొట్టె ముట్టని మనిషిని చూడటం ఎంత కష్టమో చెప్పలేను. పెద్దాయన పళ్లెం ముందు పెట్టేవాడు, తీసేవాడు.

నౌరోజ్ వస్తోందనగా పెద్దాయనే కదిలాడు. నౌరోజ్ వాళ్ల కొత్త సంవత్సరం. ముందురోజు పొద్దుగూకే వేళ కొండ మీద మంట వేస్తారు. చలికాలం పోయిందని ఒక కొండ వాళ్లు చెబితే ఎదుటి కొండ వాళ్లు తమ మంటతో బదులు చెబుతారు. బహ్రెయిన్ వచ్చాక వాళ్లు ఏటా తందూరు చుట్టూ నిలబడి అదే మంట అనుకుని సరిపెట్టుకున్నారు. ఈసారి నిజం మంట వేద్దాం అన్నాడు పెద్దాయన. తమ్ముడు ఆ రోజు సగం రొట్టె తిన్నాడు.

మంటకు కట్టెలు కావాలి. ఆ ఎడారి దీవిలో కట్టెలు కొనాలి. కుర్దుల ఊళ్లలో పాత టైర్లు కూడా కాలుస్తారట. బాగా మండుతాయి, పొగ దూరానికి కనిపిస్తుంది. పండగ ముందురోజు మధ్యాహ్నం మేం పిండి బస్తాలకని నువైద్రాత్ అవతలికి వెళ్లాం. అన్న గోదాములో బస్తాల లెక్క చూసుకుంటుండగా తమ్ముడూ నేనూ పక్కన పంచర్ షాపులో పాత టైర్లు అడిగాం. మీకెన్ని కావాలంటే అన్ని తీసుకుపొండి అన్నాడు షాపువాడు. అతనికి మా మీద అంత దయ ఎందుకు కలిగిందో అప్పుడు ఆలోచించలేదు. పికప్ వెనక పేర్చి ఖాళీ సంచులు కప్పాం. వాటి మీద మేమిద్దరం కూర్చున్నాం. పెద్దాయన ముందు సీట్లో అన్న పక్కన, మిగతా ఇద్దరూ కొట్టు దగ్గరే ఉండిపోయారు.

నాకైతే సంతోషంగా ఉంది. మా ఊళ్లో హోళీకి ముందు కాముణ్ణి కాల్చడానికి ఇలాగే దొరికింది దొరికినట్టు పోగు చేసేవాళ్లం. ఆ ఏడు హోళీ కూడా ఆ వారంలోనే.

పిల్లలూ, మాకు పేపరు లేదు, టీవీ లేదు. పిండి, తందూరు, నిద్ర. ఆ ఏళ్లలో బహ్రెయిన్‌లో కొన్ని ఊళ్లలో గొడవలు జరుగుతున్నాయి. కుర్రాళ్లు రోడ్ల మీద టైర్లు కాల్చేవారు, పొగ కనబడితే పోలీసు జీపులు వచ్చేవి. ఊరూరా తెలిసిన ఈ సంగతి ఒక్క మా కొట్టుకే తెలియదు. రొట్టెల వాసన తప్ప ఇంకేదీ లోపలికి వచ్చేది కాదు మరి.

నువైద్రాత్ మలుపు దగ్గర చెక్‌పోస్టులో ఆపారు. ఒక కానిస్టేబుల్ వెనక్కి వచ్చి మమ్మల్ని దిగమన్నాడు. పాకిస్తాన్ వైపు మనిషి, ఉర్దూలో మాట్లాడాడు. సంచి ఎత్తాడు. ఇంకో సంచి ఎత్తాడు. తర్వాత ఈల ఊదాడు.

అన్న దిగి వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"అరె పిలగా, ఇవెక్కడియిరా?"

"పంచర్ దుకాణంల అడిగితె ఇచ్చిండే అన్నా."

"ఎందుకురా?"

"కాల్చనీకి. మన కాముని లెక్క."

"సచ్చినం పో. ఇంగ ఇంటికే."

ఆఫీసరు వచ్చాడు. అన్న పెద్దాయన పక్కకు జరిగి గబగబా హిందీలో చెప్పాడు, "కాకా, పడవలకు కట్టనీకి అని చెప్పు. గొర్ల దొడ్డికి అని చెప్పు. ఏదన్న ఒకటి చెప్పు." ఆఫీసరు ఇవి ఎందుకని అరబ్బీలో అడిగాడు. పెద్దాయన గడ్డం సర్దుకుని, చాలా మర్యాదగా, "కాల్చడానికి," అన్నాడు.

ఆ తర్వాత మమ్మల్ని ఠాణాకు తీసుకెళ్తుంటే దారిలో అన్న ఆయన్ను తిట్టిన తిట్లు తెలుగులో కాబట్టి బతికిపోయాడు. పెద్దాయన నాతో అన్నది ఒక్కటే. "ఏడాది ఎలా మొదలుపెడతామో అలాగే నడుస్తుంది కాకా. అబద్ధంతో ఎలా మొదలుపెట్టను?" నాకు కోపం రాలేదు, భయం వేసింది. తమ్ముడు తల వంచుకుని తన బొటనవేళ్లు చూసుకుంటున్నాడు. మంట వేస్తే వాడు ఉంటాడని పెద్దాయన ఆశ. ఇప్పుడా మంటే వాణ్ణి విమానం ఎక్కించేలా ఉంది.

ఠాణా వాకిట్లో మమ్మల్ని గోడ వారగా నిలబెట్టారు. కఫీల్‌కు కబురు పంపారు. ఆఫీసరు ముందర బల్ల మీద మా కార్డులు వరసగా పెట్టుకున్నాడు. తమ్ముడి కార్డు ఎక్కువసేపు చూశాడు. ఊరుకుంటే పని చెడుతుందనిపించి నేను కానిస్టేబుల్‌ను పిలిచాను.

"సాబ్, మీకు హోళీ తెలుసా?"

"తెలుసు. మా ఊళ్లో హిందువులుండేవారు."

"ముందు రాత్రి మంట వేస్తాం చూడండి, వీళ్లదీ అలాంటిదే. మా ఊళ్లో పిల్లలమంతా ఇంటింటికీ తిరిగి కట్టెలు అడుగుతాం. ఇవ్వకపోతే వాళ్ల పాత తలుపులు ఎత్తుకొస్తాం."

కానిస్టేబుల్ మీసం కొంచెం కదిలింది. "మా అమ్మ మంచం పోయింది ఒక ఏడాది," అన్నాడు. వెళ్లి ఆఫీసరుతో అరబ్బీలో చెప్పాడు. మంచం సంగతి చెప్పాడో లేదో తెలియదు. ఆఫీసరు పెద్దాయనను దగ్గరికి పిలిచాడు. వాళ్ల మాటలు కానిస్టేబుల్ నాకు వెంటవెంటనే చెబుతూ వచ్చాడు.

"మీరు ముస్లింలు కదా, మంటకు మొక్కడమేమిటి?"

"మొక్కం. చలి పోయిందని కొండకు కొండ చెబుతుంది."

"బహ్రెయిన్‌లో కొండలెక్కడివి?"

"అందుకే ఇన్నేళ్లు ఊరుకున్నాం."

ఆఫీసరు నవ్వలేదు. "మంట వేసి ఏం చేస్తారు?"

"ఆడతాం."

"అయితే ఆడండి. నిజంగా పండగే అయితే మంట లేకపోయినా అడుగులు వస్తాయి కదా."

మీరెప్పుడైనా పోలీసు ఠాణాలో, మధ్యాహ్నపు ఎండలో, డప్పు లేకుండా ఆడారా? పెద్దాయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. జేబు రుమాలు తీశాడు. వాళ్ల ఆటలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, భుజానికి భుజం తగిలేలా వరసగా నిలబడతారు. మొదటివాడు రుమాలు ఊపుతాడు. ఆయన గొంతు విప్పి పాట ఎత్తుకున్నాడు. చెయ్యి చాచాడు తమ్ముడి కోసం.

తమ్ముడు గోడ దగ్గర్నుంచి కదల్లేదు. వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆ భాష నాకు రాదు కాని పోలీసోడి కోసం పండగ ఆడను అన్నాడని ఎవరికైనా తెలుస్తుంది. పెద్దాయన బతిమాలలేదు. ఆజ్ఞ వేయలేదు. చాచిన చెయ్యి అలాగే ఉంచాడు, పాట ఆపలేదు. ఆఫీసరు పెద్దాయనను చూడటం మానేసి తమ్ముణ్ణి చూడసాగాడు.

ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. నా ఇంకో చెయ్యి అన్న చేతిలో పెట్టాను. "నాకేం ఖర్మరా, నా పెండ్లిల గూడ ఆడలె," అంటూనే ఆయనా వచ్చాడు. శుక్రవారాలు గుట్ట దగ్గర వాళ్లు నాకు అడుగులు నేర్పారు. అక్కడ వచ్చేవి. ఠాణాలో రాలేదు. పెద్దాయన ఎడమకు పోతే నేను కుడికి, నేను ముందుకు పోతే అన్న వెనక్కి. ఒకసారి నా కాలు నాకే తగిలి బోర్లా పడబోయాను. కానిస్టేబుళ్లు పగలబడి నవ్వారు. ఒకడు నా నడక అనుకరించి చూపించాడు. ఆ కుర్రాణ్ణి కదిలించడానికి కావాలనే అలా చేశానని ఇప్పుడు గొప్పలు పోవచ్చు. కాదు. భయానికి కాళ్లు కలవలేదు, అంతే.

నవ్వులు విని తమ్ముడు తల ఎత్తాడు. నన్ను చూశాడు, నవ్వుతున్నవాళ్లను చూశాడు. అతని ముఖం ఎర్రబడింది. గబగబా వచ్చి పెద్దాయనకూ నాకూ మధ్య దూరి, నా చెయ్యి ఎముకలు నలిగేలా పట్టుకున్నాడు. "కాళ్లు చూడకు. నా భుజం చూడు," అన్నాడు. వాళ్ల ఇంటి రొట్టె తిన్నవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు కానిస్తే వాళ్లకు చావుతో సమానమని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం అతని భుజమే. అది ఎటు పోతే నేను అటు పోయాను. అడుగు పడింది. వాకిలి దుమ్ము లేచింది. నవ్వులు ఆగిపోయాయి. కానిస్టేబుల్ చప్పట్లు మొదలుపెట్టి, ఆఫీసరు వైపు చూసి ఆపి, ఆయన ఏమీ అనకపోయేసరికి మళ్లీ మొదలుపెట్టాడు. పెద్దాయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పాట మాత్రం వణకలేదు. నాకూ దుఃఖం పొంగుకొచ్చింది. ఏడాదంతా ఎదురుచూసిన పండగ ఆ వాకిట్లో ఆడి చూపించాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడు కఫీల్ వచ్చాడు. తన రొట్టెల పనివాళ్లూ, డ్రైవరూ చేతులు పట్టుకుని ఠాణాలో చిందులేస్తుంటే ఆయన తలగుడ్డ వెనక్కి తోసుకుని చూశాడు. "మజ్నూన్," అన్నాడు. పిచ్చివాళ్లు అని. ఆఫీసరు కార్డులన్నీ కలిపి కఫీల్ చేతిలో పెట్టాడు, తమ్ముడిది కూడా. "టైర్లు ఇక్కడే ఉంటాయి. ఇంకోసారి ఒక్క టైరు కనిపించినా వీళ్లు బహ్రెయిన్‌లో ఉండరు," అన్నాడు. కేసు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకూ ఏదో పండగ ఉండే ఉంటుంది.

కఫీల్ తన కారెక్కి వెనక రమ్మని చెయ్యి ఊపాడు. మేం పికప్‌లో వెనకే వెళ్లాం. కారు రిఫా మలుపు దగ్గర తిరగలేదు. నేరుగా పోయింది.

"ఎటు తోలుతుండు ఈయన?" అన్నాడు అన్న. కాసేపటికి, "విమానాలు అటు దిగవు గద," అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

ఎడారిలోకి వెళ్లి ఆగాం. చలికాలంలో బహ్రెయిన్ వాళ్లు అక్కడ గుడారాలు వేసుకుని సాయంత్రాలు గడుపుతారు. ఆయన గుడారం ఇంకా పీకలేదు. పక్కన కట్టెల మోపులు ఉన్నాయి. దూరంగా మా గుట్ట కనిపిస్తోంది. కఫీల్ కట్టెల వైపు వేలు చూపించాడు.

"ఇక్కడ అందరూ కాలుస్తారు, ఎవరూ అడగరు. కాల్చుకోండి. రేపు పొద్దున రొట్టె ఆలస్యమైతే మాత్రం నేనే పోలీసును పిలుస్తా. యల్లా!"

పొద్దు గుట్ట వెనక్కి జారుతుంటే తమ్ముడు మంట వెలిగించాడు. అది లేచిన కాసేపటికి దూరంగా వేరే గుడారాల దగ్గర ఒకటి, ఇంకా అవతల ఒకటి, మంటలు కనబడ్డాయి. వాళ్లు కోడి కాల్చుకుంటున్నారో టీ పెట్టుకుంటున్నారో. పెద్దాయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "చూడు, బదులు చెబుతున్నారు," అన్నాడు. తమ్ముడు చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలోంచి రొట్టె తీసి, నాకు సగం పెట్టి, మిగతా సగం పూర్తిగా తిన్నాడు. ఇంటికి పోతానన్న మాట అతని నోట మళ్లీ వినలేదు. కొన్నేళ్లకు జైలు భయం లేని మరో దేశానికి వెళ్లి స్థిరపడ్డాడని, అక్కడా రొట్టెల కొట్టే పెట్టాడని అన్న చెప్పాడు.

మర్నాడు తెల్లవారుజామున ఎవరో నా దుప్పటి లాగేశారు. తమ్ముడు. కళ్లు నులుముకుంటూ తందూరు దగ్గరికి వెళ్తే పెద్దాయన నిలబడి ఉన్నాడు. అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. నాకు అర్థం కాక ఆయన వైపు చూశాను.

"వెలిగించు కాకా. ఇంటివాళ్లే కదా వెలిగించాలి."

రెండు పుల్లలు వృథా అయ్యాయి. మూడో దానికి తందూరు అంటుకుంది. తమ్ముడు నా వీపు మీద ఒక్కటి చరిచి, నా చాప మీద పడి, నా దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయాడు. ఆ కొట్టులో ఉన్నన్నాళ్లూ కోడి కంటే ముందు లేచింది నేనే.